తలకు గాయమైతే ముందు ఊపిరి ఎందుకు చూస్తారు?

పుదుచ్చేరిలో రెడ్డియార్‌పాళయం మీదుగా వెళ్లే విల్లుపురం రోడ్డుపై ఒక వ్యక్తి బైకు మీద నుంచి పడి, తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పాడనుకుందాం. గోరిమేడులోని జిప్‌మెర్‌కు తీసుకెళ్లినా, మరే పెద్దాసుపత్రికి తీసుకెళ్లినా అత్యవసర వైద్యులు తల స్కానింగ్ కన్నా ముందు అతని శ్వాసమార్గాన్ని చూస్తారు. ఎందుకు?

స్పృహ తప్పినవారి గొంతు కండరాలు సడలిపోతాయి. నాలుక వెనక్కి జారి గాలి దారిని మూసేస్తుంది. దగ్గే శక్తి తగ్గడంతో వాంతి, రక్తం ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. శరీర బరువులో 2 శాతమే ఉండే మెదడు, మనం విశ్రాంతిలో వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం తీసుకుంటుంది. కొద్ది నిమిషాలు అది అందకపోయినా మెదడు కణాలు చనిపోవడం మొదలవుతుంది.

ఇందులో కార్బన్ డయాక్సైడ్ పాత్ర కూడా ఉంది. ఊపిరి సరిగా ఆడకపోతే ఆ వాయువు రక్తంలో పేరుకుని మెదడు రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. పుర్రె గట్టి పెట్టె లాంటిది, సాగదు. లోపల రక్తం పెరిగితే ఒత్తిడీ పెరుగుతుంది. అప్పటికే వాచిన మెదడుకు అది ప్రాణాంతకం.

స్పృహ స్థాయిని 1974లో టీస్‌డేల్, జెనెట్ రూపొందించిన గ్లాస్గో కోమా స్కేల్‌తో కొలుస్తారు. ఇందులో స్కోరు 3 నుంచి 15 వరకు ఉంటుంది. తల గాయాల్లో అది 8 లేదా అంతకన్నా తగ్గితే సాధారణంగా శ్వాసనాళంలోకి గొట్టం వేస్తారు.

అయితే ఈ పని కత్తి మీద సాము. గొట్టం తాకిడికి మెదడులో ఒత్తిడి పెరగవచ్చు. మత్తుమందు వల్ల రక్తపోటు పడిపోవచ్చు. మెడ ఎముక విరిగి ఉండే అవకాశం ఉంటుంది కనుక ఒకరు తలను, మెడను కదలకుండా పట్టుకుంటే మరొకరు గొట్టం వేస్తారు.

తర్వాత వెంటిలేటర్‌తో కార్బన్ డయాక్సైడ్‌ను సాధారణంగా 35–45 మిల్లీమీటర్ల పాదరస పీడనం మధ్య ఉంచుతారు. శ్వాస వేగం అతిగా పెంచితే రక్తనాళాలు కుంచించుకుపోయి మెదడుకు రక్తమే చాలదు.

ఆసుపత్రికి చేరేలోపు చుట్టూ ఉన్నవారు చేయగలిగిందీ ఉంది. వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు, సోడా పోయకూడదు. ఊపిరి ఆడుతూ వాంతి అవుతుంటే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా నలుగురు కలిసి పక్కకు తిప్పాలి. ఊపిరి ఆగితే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.