ఉగాది గ్లాసులో చీనీ, నన్నారి, సోడా

ఆలూరు వైపు ఉగాది అంటే ఎండలు ముదిరే కాలం. పచ్చడి తిన్నాక, ఓళిగల భోజనానికి ముందు వచ్చే చుట్టాలకు సీసా కూల్‌డ్రింకే పోయనక్కర్లేదు. కడప చీనీకాయలు, సీమ నన్నారి, గోలీ సోడా కలిస్తే అంతకన్నా మేలైనది తయారవుతుంది. కిటుకంతా కలిపే వరుసలోనే ఉంది. సోడాలో బుసబుసలాడే బొగ్గుపులుసు వాయువు 35 డిగ్రీల నీటిలో కన్నా 5 డిగ్రీల నీటిలో రెట్టింపుకు మించి ఇముడుతుంది. అందుకే కాయలనూ సోడానూ ముందే చల్లబరచాలి. రెండు చెంచాల నన్నారి, అర నిమ్మచెక్క రసం, 100 మిల్లీలీటర్ల చీనీ రసం కలిపాక, 150 మిల్లీలీటర్ల సోడాను చివర్న గ్లాసు అంచు వెంబడి పోయాలి. ఆపైన చెంచాతో గిలక్కొడితే గ్యాసంతా గాలిపాలే. రసం పొద్దున్నే పిండి పెట్టుకోవచ్చు కదా అంటారు. నిలవున్న కొద్దీ చీనీ రసంలో లిమోనిన్ ఏర్పడి చేదెక్కుతుంది. ఉగాది చేదుకు వేపపూత చాలు.

పానకం ఉండగా ఈ సోడా ఎందుకన్నది మరో మాట. నైవేద్యానికి పానకమే, అందులో వాదు లేదు. ఇది చుట్టాలకు. చక్కెర గురించిన అభ్యంతరం మాత్రం న్యాయమైనదే: నన్నారి పాకంలో ఎక్కువ భాగం అదే, పండ్లరసంలోనూ ఉంది. పాకం తగ్గిస్తే కొంత నయం. మధుమేహం ఉన్నవాళ్లకు ఉప్పు వేసిన నిమ్మసోడా ఇవ్వడమే మేలు.