మీకు తెలుసా? మొక్క ఒకటే, ఎలర్జీలు రెండు

చిప్పగిరి, ఆదోని, ఎమ్మిగనూరు చేనుగట్ల మీద చిన్న చిన్న తెల్లపూలతో విరగబూసే వయ్యారిభామ ఒక్కటే మనిషిలో రెండు వేర్వేరు రకాల ఎలర్జీలు పుట్టించగలదు.

దాని పుప్పొడి పడనివారికి అది ముక్కులోకి పోయిన కొద్ది నిమిషాల్లోనే తుమ్ములు, కళ్ల దురద మొదలవుతాయి. 1963లో జెల్, కూంబ్స్ అనే శాస్త్రవేత్తలు ఎలర్జీలను విడదీసిన నాలుగు రకాల్లో ఇది మొదటిది: ఐజీఈ యాంటీబాడీలు అంటుకుని ఉన్న మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను వదులుతాయి.

చర్మం మీద లేచే ఎగ్జిమా నాలుగో రకం. ఇక్కడ యాంటీబాడీలకు పని లేదు. మొక్కలోని రసాయనమైన పార్థెనిన్‌ను గుర్తుపట్టే టీ కణాలనే రోగనిరోధక కణాలు అక్కడికి చేరాలి, అందుకు ఒకటి రెండు రోజులు పడుతుంది. సోమవారం కలుపు పీకితే దురద బుధవారం. అసలు కారణం పోల్చుకోవడం కష్టమయ్యేది ఇందుకే. మొదటిసారి తగిలినప్పుడు ఏమీ కాకపోవచ్చు. ఏళ్ల తరబడి తగిలాక కూడా మొదలుకావచ్చు.

ముట్టుకోకపోయినా ముప్పు తప్పదు. ఎండిన మొక్కల పొడి గాలికి లేచి కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో చేరుతుంది. తుమ్ములను తగ్గించే హిస్టమిన్ నిరోధక మాత్రలు ఈ ఎగ్జిమాను అణచలేవు. చర్మవైద్యుల పర్యవేక్షణలో స్టెరాయిడ్ పూతమందులు వాడాల్సి వస్తుంది.