నాలుగు థాలర్ల కానుక

సంఘంలో బడి పెట్టాలనుకుంటే మనం మొదట దేని గురించి మాట్లాడుకుంటాం? స్థలం, భవనం, ప్రహరీ గోడ, గేటు మీద రాయించాల్సిన పేరు. కమిటీ కూర్చున్న ప్రతిసారీ ఇదే వరస. జర్మనీలోని హాలె పట్టణంలో లూథరన్ ఉన్నత పాఠశాల కథ మాత్రం పిల్లలు పుస్తకాలతో మాయమైపోవడంతో మొదలయింది.

ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే 1692లో హాలెను ఆనుకుని ఉన్న గ్లౌఖా అనే పేటకు కాపరిగా వచ్చారు. తాగుడుకు, పేదరికానికి పేరుపడ్డ పేట అది. గురువారాల్లో భిక్ష కోసం తన గుమ్మం ముందు నిలబడేవారికి ఆయన రొట్టె ఇచ్చి పంపేయలేదు. లోపలికి పిలిచి, వాక్యంలో నుండి నాలుగు ప్రశ్నలు అడిగేవారు. జవాబు చెప్పగలిగినవారు లేరు. పిల్లల బడి ఫీజుకని డబ్బులిచ్చి చూశారు. డబ్బులు తీసుకున్నారు గానీ బడికి వెళ్లలేదు. అప్పుడు తన ఇంట్లో ఒక కానుక పెట్టె పెట్టారు. 1695 ఈస్టర్ రోజుల్లో ఎవరో ఆ పెట్టెలో నాలుగు థాలర్ల పదహారు గ్రోషెన్లు వేశారు. పెద్ద మొత్తమేమీ కాదు. ఫ్రాంకే మాత్రం దాన్ని మూలధనంగా లెక్కగట్టారు. అందులో రెండు థాలర్లు పెట్టి పుస్తకాలు కొన్నారు. ఒక పేద విశ్వవిద్యాలయ విద్యార్థిని రోజుకు రెండు గంటలు చదువు చెప్పడానికి కుదుర్చుకున్నారు.

ఇరవై ఏడుగురు పిల్లలు పుస్తకాలు తీసుకెళ్లారు. తిరిగి తెచ్చినవారు నలుగురే!

మనమైతే ఏం చేసేవాళ్లం? ‘ఈ జనం మారరు’ అని తీర్మానించి, పెట్టె మూసి, ఆ సంగతి ఆదివారం ప్రసంగంలో ఉదాహరణగా చెప్పుకునేవాళ్లమేమో. ఫ్రాంకే మళ్లీ పుస్తకాలు కొన్నారు. చదువు అయ్యాక వాటిని బడిలోనే వదిలి వెళ్లమన్నారు. అంతే. పుస్తకాలు బడిలో ఉంచుకునే ఏర్పాటే ఆ పాఠశాల మొదటి ‘సౌకర్యం’ అనుకోవచ్చు.

కొద్ది నెలల్లోనే ఊళ్లోని స్థితిమంతులు కూడా తమ పిల్లల్ని పంపసాగారు. 1697లో లాటిన్ పాఠశాల మొదలైంది. ఇప్పటి మన హైస్కూలుకు దగ్గరగా ఉండేది ఇదే. పట్టణ ప్రజల కొడుకులతో పాటు తెలివైన అనాథ బాలురు కూడా అదే బల్లల మీద కూర్చుని విశ్వవిద్యాలయానికి సిద్ధపడ్డారు. లాటిన్, గ్రీకు, హెబ్రీ భాషలతో పాటు చరిత్ర, భూగోళం, గణితం నేర్చుకున్నారు. తరగతుల ఏర్పాటు విచిత్రంగా ఉండేది. పిల్లవాడు లాటిన్‌లో పై తరగతిలో ఉండి, లెక్కల్లో కింది తరగతిలో ఉండవచ్చు. ఏ విషయంలో ఎంత వచ్చో ఆ విషయంలో అక్కడ కూర్చోవాలి. ఒక్క సబ్జెక్టు పోయినందుకు ఏడాదంతా పోగొట్టుకున్న పిల్లల్ని ఎరిగిన మనకు ఈ పద్ధతి విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

1698 జూలై 13న అనాథాశ్రమ భవనానికి పునాది రాయి వేశారు. దాని నుదుట సూర్యుని వైపు ఎగిరే రెండు పక్షిరాజుల శిల్పాన్ని, యెషయా 40:31ని నిలిపారు. ఆ భవనం వెనుక క్రమంగా ఒక చిన్న ఊరే లేచింది. గ్రంథాలయం, ఔషధశాల, ముద్రణాలయం, పుస్తకాల దుకాణం, మొక్కలు చూసి నేర్చుకునే తోట వచ్చాయి. 1710లో బైబిళ్లను చౌకగా అచ్చువేసే కాన్‌స్టైన్ బైబిల్ సంస్థ కూడా చేరింది. ఔషధశాల, పుస్తకాల వ్యాపారం తెచ్చిన రాబడి పిల్లల చదువును మోసింది. పేద విశ్వవిద్యాలయ విద్యార్థులు ఉచిత భోజనానికి బదులుగా పాఠాలు చెప్పేవారు. అంటే అదే ఉపాధ్యాయ శిక్షణ కూడా. ఫ్రాంకే 1727లో ప్రభువునందు నిద్రించేనాటికి అక్కడ చదువుతున్నవారు రెండు వేల పైమాటే.

అన్నీ మెచ్చుకోదగ్గవేనని చెప్పలేం. పిల్లల ఆటలంటే ఫ్రాంకేకు గిట్టదు. సోమరితనానికి దారి అనుకునేవారు. సంపన్నుల పిల్లల విభాగంలో ఆటకు బదులు కొయ్య పని, అద్దాలు సానపట్టడం నేర్పించేవారు. పిల్లవాడి సొంత ఇష్టాన్ని విరిచితేనే భక్తి కుదురుతుందన్న ఆయన ఆలోచనతో మేము ఏకీభవించలేం. మన మిషన్ హాస్టళ్లలో పెరిగినవారిలో కొందరికి ఆ కఠినత్వపు నీడ గుర్తుండే ఉంటుంది.

ఇంతకీ హాలెతో మనకేం సంబంధం? మద్రాసులో సేవచేసి తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ 1743లో ఇండియా విడిచి హాలెకే చేరుకున్నారు. 1746లో లూథర్ చిన్న ప్రశ్నోత్తరి తెలుగులో అచ్చయింది ఆ పట్టణంలోనే. తెలుగులో తొలి అచ్చు పుస్తకాల్లో అదొకటి. ఇక హాలె అనాథాశ్రమంలో పాఠాలు చెప్పిన హెన్రీ ముహ్లెన్‌బర్గ్ 1742లో అమెరికా వెళ్లారు. 1748లో పెన్సిల్వేనియా లూథరన్ సినడ్ ఏర్పాటుకు కారకులయ్యారు. ఆ సినడ్ పంపితేనే ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టారు. వచ్చీ రాగానే చేసిన పనుల్లో ఒకటి బడి తెరవడం! గ్లౌఖా కానుక పెట్టె నుండి గుంటూరు బడి వరకు నూట నలభై ఏడేళ్లు.

హాలెలో ఆ తర్వాత కష్టకాలమూ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో ఆ సంస్థల స్వతంత్రత పోయింది. కమ్యూనిస్టు పాలనలో భవనాలు శిథిలమయ్యాయి. 1990 తర్వాతే మరమ్మతులు సాగాయి. నేడు లాటిన్ పాఠశాల సంఘం చేతిలో లేదు. ‘లాటినా’ అనే పేరుతో ప్రభుత్వ ఉన్నత పాఠశాలగా, సంగీత విభాగంతో, వసతి గృహంతో నడుస్తోంది. ‘హల్లెలూయా’ కోరస్ కూర్చిన హాండెల్ పుట్టిన ఊళ్లో సంగీతానికి చోటుండటం న్యాయమే.

పాత అనాథాశ్రమ భవనం పై అంతస్తులో పిల్లలకు లోకాన్ని చూపించడానికి ఫ్రాంకే మొదలుపెట్టిన వింత వస్తువుల గది ఇప్పటికీ ఉంది. పైకప్పు నుండి ఒక మొసలి వేలాడుతుంటుంది. బీరువాల్లో దక్షిణ భారతం నుండి మిషనరీలు పంపిన తాటాకు ప్రతులున్నాయి. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలెవరైనా ఆ దారిన వెళ్తే ఒకసారి ఆ మెట్లెక్కి చూడమనండి.