రోగికి సంగీతము చేయు సాయము

సంగీతము వినోదమునకు మాత్రమే పనికివచ్చునని పలువురు తలంచుచున్నారు. పండుగనాడు పాట, పెండ్లినాడు మేళము, తీరికవేళ వీణ. ఇంతకు మించి దానితో మనకేమి పని యని యనుకొనువారు కలరు. పరీక్షలు సమీపించినప్పుడు తల్లిదండ్రులు మొట్టమొదట మాన్పించునది పిల్లల సంగీతపాఠమే. ఇంటిలో పెద్దలెవరైన మంచమెక్కినప్పుడు మొట్టమొదట నిలిచిపోవునదియు పాటయే. అయితే పాట చెవికి మాత్రమే గాక మెదడునకును, ఊపిరికిని, నాడికిని, మనుష్యుల నడుమ నుండు సంబంధమునకును పనిచేయునని నేటి వైద్యులు పరిశీలించి తెలిసికొనియున్నారు. ఈ సంగతి మన విద్యార్థులును వారి తల్లిదండ్రులును ఎఱిగియుండుట మేలని తోచి, యిచట కొంత వివరించుచున్నాము.

ఈ యూహ క్రొత్తది కాదు. సౌలు రాజు మనస్సు కలతపడినప్పుడు దావీదు సితారా వాయించి యాతనికి నెమ్మది కలిగించిన వృత్తాంతమును పరిశుద్ధ గ్రంథమున చదివియున్నాము. మన చార్మినారు ప్రక్కనున్న నిజామియా వైద్యశాల యునానీ వైద్యమునకు పేరు పొందినది. ఆ వైద్యమునకు మూలపురుషులలో నొకడును, 1037లో మరణించినవాడును అగు ఇబ్ను సీనా తన గ్రంథమున నాడి కొట్టుకొనుటను సంగీతములోని లయతో పోల్చి చెప్పెను. తురుష్కదేశమున ఎదిర్నె పట్టణమందు సుల్తాను రెండవ బాయజీదు కట్టించిన వైద్యశాల 1488లో పూర్తియయ్యెను. అందు గాయకులు వారమునకు మూడు మార్లు రోగులయెదుట పాడి వాయించుచుండిరని 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ వ్రాసెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా సైనిక వైద్యశాలలలో దీని ప్రయోజనము మఱింత స్పష్టమయ్యెను. 1944లో ఆ దేశమందలి మిచిగన్ స్టేట్ కళాశాలలో దీనికై ప్రత్యేకశిక్షణ యారంభమయ్యెను. నేడు దీనిని సంగీతచికిత్స యని పిలుచుచున్నారు.

మొదట ఏకాగ్రతను గూర్చి చెప్పుదము. సాయంకాలము చార్మినారు నుండి లాడ్‌బజారులోనికి నడచునప్పుడు బండ్ల మ్రోతయు, గాజులకొట్ల బేరములును, జనుల సందడియు కలిసి యొకటే గోలగా వినబడును. ఆ గోలలో పండ్లబండివాడొకడు తన సరకు పేరును సాగదీసి, ఒకే వరుసలో, ఒకే తూకమున పిలుచును. తక్కిన కేకలన్నియు చెవిని దాటిపోవును; వాని పిలుపు మాత్రము చెవిని పట్టుకొనును. కారణమేమి? లయగల ధ్వనిలో తరువాతి దెబ్బ యెప్పుడు పడునో మెదడు ముందుగానే యెదురుచూచును. ఆ యెదురుచూపే చెదరిన మనస్సును ఒకచోటికి తెచ్చును. పార్కిన్సన్ అను వణుకురోగము గలవారు నడుచుచు నడుచు నడుమ కాలు కదలక నిలిచిపోవుదురు. చెవికి తాళము వినిపించినచో ఆ దెబ్బననుసరించి వారి యడుగు సాగునని మైకేలు థౌట్ మొదలగు పండితులు 1990 తరువాత పరీక్షించి చూపిరి. అయితే విద్యార్థులు ఒక్క మాట గమనింపవలెను. మాటలతో గూడిన పాట వినుచు పాఠము చదివినచో, పాటలోని మాటలు పాఠములోని మాటలకు అడ్డుపడును. చదువునకు ముందు పాట మంచిది. చదువుచుండగా మంచిది కాదు.

రెండవది జ్ఞాపకశక్తి. మన పెద్దలు ఎక్కములను రాగము తీసి చదివించిరి. పద్యమును వచనమువలె గాక పద్యమువలెనే చదువుమనిరి. మన చుట్టుపట్ల మసీదుల మదరసాలలో బాలురు ఖురానును స్వరముతో వల్లించి కంఠస్థము చేయుచున్నారు. మాటకు రాగము తోడైనచో మఱచిన చోట రాగమే తరువాతి మాటను అందించును. ఇది ఆరోగ్యవంతులకే గాక రోగులకును పనిచేయునని ఫిన్లండు దేశమున తేలినది. అచటి హెల్సింకి నగరములో మెదడులో రక్తప్రసారము నిలిచి పక్షవాతము వచ్చిన 60 మందిని తీసికొని, కొందఱికి వారు కోరిన సంగీతమును, కొందఱికి చదివి వినిపించు కథలను రెండు నెలలపాటు ప్రతిదినము వినిపించిరి. కొందఱికి మామూలు వైద్యము మాత్రమే చేసిరి. సంగీతము విన్నవారికి మాటల జ్ఞాపకమును, ఏకాగ్రతయు తక్కినవారికంటె నెక్కువగా తిరిగి వచ్చెను. ఈ ఫలితములు 2008లో ప్రకటింపబడినవి. ఆ రోగులు విన్నది వైద్యుడు నిర్ణయించిన పాట కాదు, తమకిష్టమైన పాట; ఇది మఱవరాదు.

ఇంతకంటె నాశ్చర్యకరమైన సంగతి యొకటి కలదు. పక్షవాతమువలన మాట పూర్తిగా పోయినవారిలో కొందఱు తాము పూర్వమెఱిగిన పాటను మాటలతో సహా పాడగలరు. మంచినీళ్ళడుగలేని వృద్ధుడు చిన్ననాటి కీర్తన నెత్తుకొని చరణము ముగించును. ఇంటివారు దీనిని చూచి, "పాడవచ్చును గాని పలుకరాదా?" యని విసుగుకొందురు. అది మొండితనము కాదు. పలువురిలో మాటను నడిపించు స్థానము మెదడు యొక్క యెడమభాగమున నున్నది. దీనిని 1861లో పరాసు వైద్యుడు పాల్ బ్రోకా కనుగొనెను. పాటకు కుడిభాగము కూడ సాయపడును. ఎడమభాగము దెబ్బతిన్నను కుడిభాగము నిలిచియున్నచో పాట నిలుచును.

ఈ కుడిదారిని మాటకు వాడుకొను పద్ధతిని అమెరికాలోని బోస్టను నగరమున ఆల్బర్టు, స్పార్క్సు, హెల్ము అను మువ్వురు 1973లో ప్రకటించిరి. "నీళ్ళు కావలెను" వంటి చిన్నవాక్యమును హెచ్చు తగ్గు అను రెండే స్వరములలో మొదట గొంతులో కూనిరాగముగా వినిపింతురు. పిమ్మట రోగితో గలిసి పాడుదురు. ఒక్కొక్క యక్షరమునకు రోగి యెడమచేతిని మెల్లగా తట్టుదురు. రోగి యందుకొన్నకొలది నేర్పువాడు తన గొంతు తగ్గించును. కడపట రాగమును కూడ తగ్గించి మాటగా మార్చుదురు. ఇది దినములలో గాదు, నెలలలో ఫలించు పని. అందఱికిని సమానముగా ఫలింపదు కూడ. 2011లో తుపాకిగుండు మెదడున దూసికొనిపోయి మాట కోల్పోయిన అమెరికా శాసనసభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్సు మరల మాటాడ నేర్చుకొనుటలో సంగీతచికిత్స సాయపడెనని లోకమంతయు విన్నది.

మూడవది విశ్రాంతి. జోలపాట వేగముగా పాడు తల్లి లేదు. ఇటలీలో బెర్నార్డి యను వైద్యుడును ఆయన సహచరులును 24 మందికి పలువిధముల సంగీతము వినిపించి, వారి ఊపిరిని, రక్తపుపోటును, నాడిని కొలిచి 2006లో ప్రకటించిరి. వేగమైన సంగీతము ఊపిరిని వేగపఱచెను, నిదానమైనది నెమ్మదింపజేసెను. అన్నిటికంటె నెక్కువ విశ్రాంతి నిచ్చినది పాటల నడుమ నుంచిన రెండు నిముషముల నిశ్శబ్దము! కావున రోగి మంచము ప్రక్కన పగలెల్ల రేడియో మ్రోగించుట మేలుగాదు. పాట కొంతసేపు, పాట తరువాత నిశ్శబ్దము కొంతసేపు. ఈ రెండును కలిసినప్పుడే శరీరము సేదదీరును.

నాల్గవది సహవాసము. మన పాత నగరమున సంగీతము ఒంటరిగా నుండు వస్తువు కాదు. బతుకమ్మ చుట్టు తిరుగు స్త్రీలు ఒకరు చెప్పగా పదిమంది యందుకొని చప్పట్లు చఱతురు. కవ్వాలీలో చప్పట్లే తాళము. మొహరమునందు శోకగీతములను గుంపులుగా పాడుదురు. పెండ్లియూరేగింపులలో మ్రోగు మర్ఫా వాద్యమును నిజాము సైన్యములందు పనిచేసిన అరబ్బులును హబ్షీలును తెచ్చిరి. నేడది యన్ని మతములవారి పెండ్లిండ్లలో వినబడుచున్నది. కలిసి పాడువారు కలిసి ఊపిరి తీయవలెను. స్వీడనులోని గోటెన్‌బర్గు నగరమున 18 ఏండ్ల యువజనులు 15 మందిచేత పాడించి చూచినప్పుడు వారి గుండెల వేగము పాటననుసరించి కలిసి హెచ్చుచు, కలిసి తగ్గుచు నుండెనని 2013లో ప్రకటించిరి. రోగికి కలుగు బాధలలో పెద్దది ఒంటరితనము. మాటాడలేనివాడు సంభాషణలో చేరలేడు గాని పల్లవిలో చేరగలడు.

ఈ సందర్భమున మన నగరమట్టిలో నిద్రించుచున్న యొక మహాగాయకుని స్మరింపవలెను. ఉస్తాదు బడే గులాం అలీ ఖాను గారు 1902లో పంజాబు లోని కసూరున జన్మించిరి. పటియాలా సంప్రదాయమునకు ఆయనవలన దేశమంతటను కీర్తి వచ్చెను. 1962లో పద్మభూషణ బిరుదము నందిరి. కడపటి యేండ్లలో పక్షవాతమువలన ఆయన శరీరము కొంతభాగము చచ్చుపడెను. అయినను ఆయన పాట మానలేదు. కుమారుడు మునవ్వర్ అలీ ఖాను ప్రక్కన కూర్చుండి గొంతు కలుపగా సభలలో పాడుచునే యుండిరి. 1968 ఏప్రిలులో మన హైదరాబాదు బషీర్‌బాగ్ భవనమున దేహము చాలించిరి. పాత నగరములోని దాయిరా మీర్ మోమిన్ శ్మశానవాటికలో ఆయన సమాధి యున్నది. పాట ఆయన రోగమును పోగొట్టలేదు. కాని రోగము ఆయన పాటను పోగొట్టలేకపోయెను. ప్రక్కన నొక తోడుగొంతు ఉండుటయే దానికి సాయపడెను.

కావున రోగిగల యిండ్లవారికి కొన్ని మాటలు చెప్పి ముగించెదము. మూతి వంకరపోవుట, చేయి పడిపోవుట, మాట తడబడుట అకస్మాత్తుగా కనబడినచో అప్పుడు పాటకు గాని నాటుమందునకు గాని వేళ కాదు. వెంటనే 108 నంబరునకు ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. రక్తపు గడ్డను కరగించు మందు సామాన్యముగా నాలుగున్నర గంటలలోపలనే యియ్యవలసియుండును. వైద్యము జరిగి యిల్లు చేరిన పిమ్మట పాటకు వేళ వచ్చును. రోగి యౌవనమున ప్రేమించిన పాటనే యెన్నుకొనుడు. మెల్లగా, తక్కువ స్వరమున, దినమునకు కొంతసేపు మాత్రము పాడుడు. పదము తప్పినచో దిద్దవలదు. చరణము కడపటి మాటను మీరు విడిచి యాగుడు, ఆయన యందుకొనునేమో చూడుడు. ముఖము చిట్లించినచో మానుడు. మందులును, వైద్యుడు చెప్పిన వ్యాయామములును ఒక్కదినమైన విడువవలదు. మాట పోయినవారిని, వీలున్నచో మాట నేర్పు నిపుణునియొద్దకు కొనిపొండు.

విద్యార్థులారా! మీ యింట మాటలేక మూలను కూర్చున్న తాతగారో, అమ్మమ్మగారో యున్నచో, బడినుండి వచ్చిన తరువాత పావుగంట వారి ప్రక్కన కూర్చుండుడు. వారు మీకు చిన్ననాడు పాడిన పాటనే తిరిగి వారికి పాడుడు. దానికి గొప్ప కంఠము అక్కఱలేదు, వాద్యము అక్కఱలేదు, ధనము అక్కఱలేదు. ఓర్పు మాత్రము కావలెను.