చైనీస్ ఫోన్ పేజీని క్రోమ్‌లో ట్రాన్స్‌లేట్ చేసి చదువుతున్నారా? ధర, స్పెక్స్ దగ్గర కాస్త ఆగండి

షావోమీ అయినా, వన్‌ప్లస్ అయినా చాలా ఫోన్లు ముందు చైనాలో లాంచ్ అయి, మన దగ్గరికి తర్వాత వస్తాయి. కొన్ని అసలు రానే రావు. అక్కడికి వెళ్లి వచ్చేవాళ్లతో తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. అలా ముప్పై నలభై వేలు పెట్టే ముందు కంపెనీ చైనీస్ పేజీ చదవాల్సిందే. మనకు చైనీస్ రాదు కాబట్టి బ్రౌజర్ అనువాదమే దిక్కు.

డెస్క్‌టాప్ క్రోమ్‌లో పేజీ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేస్తే 'ట్రాన్స్‌లేట్ టు ఇంగ్లీష్' కనిపిస్తుంది. లింక్ మీదో, ఫొటో మీదో క్లిక్ చేస్తే వేరే మెనూ వస్తుంది, "నాకు ఆ ఆప్షన్ లేదు" అనేవాళ్లలో చాలామంది సమస్య ఇదే. తెలుగు కావాలంటే అడ్రస్ బార్‌లో వచ్చే ట్రాన్స్‌లేట్ ఐకాన్ నొక్కి, మూడు చుక్కల మెనూలో భాష మార్చుకోవచ్చు. ఎడ్జ్‌లో కూడా దాదాపు ఇంతే.

స్పెక్స్ పేజీని నేను తెలుగులోకి కాదు, ఇంగ్లీష్‌లోకే మారుస్తాను. తెలుగు మీద ప్రేమ లేక కాదు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి తెలుగు 2011లో వచ్చింది, 2017లో న్యూరల్ పద్ధతికి మారాక బాగా మెరుగైంది కూడా. కానీ టెక్నికల్ పదాలు ఇంగ్లీష్‌లో ఉంటేనే మనకు త్వరగా ఎక్కుతాయి. ఇంకో కారణం కూడా ఉంది. ఫైర్‌ఫాక్స్ లాంటివి రెండు ఇతర భాషల మధ్య అనువాదాన్ని ఇంగ్లీష్ మీదుగానే చేస్తాయి. జపనీస్‌లో మన లాగే క్రియ వాక్యం చివర వస్తుంది, మర్యాద రూపాలున్నాయి, కర్త చెప్పకపోయినా వాక్యం నడుస్తుంది. మధ్యలో ఇంగ్లీష్ దూరేసరికి ఇవన్నీ పోతాయి. అక్కడ మిగిలేది ఒక్క 'యూ' కాబట్టి, తెలుగులోకి వచ్చేటప్పుడు 'నువ్వు' అనాలో 'మీరు' అనాలో మెషీన్ ఊహించుకోవాల్సిందే.

పేర్లతో ఇంకో తమాషా. చైనీస్‌లో షావోమీ అంటే కొర్రలు, రెడ్‌మీ అసలు పేరుకి అర్థం ఎర్ర బియ్యం. అనువాదంలో ఎక్కడైనా ధాన్యం పేరు కనిపిస్తే కంగారు పడకండి, అది ఫోనే.

అంకెలు మాత్రం తమాషా కాదు. మనం వేలు, లక్షలు, కోట్లు అని లెక్కపెట్టినట్టు చైనీస్, జపనీస్ వాళ్లు పదివేలను ఒక యూనిట్‌గా తీసుకుంటారు. 50 మెగాపిక్సెల్ కెమెరాని '5000 పదివేల పిక్సెల్స్' అని రాస్తారు. ఆ యూనిట్ సరిగ్గా మారకపోతే ధర అయినా, కెమెరా అయినా పది రెట్లో, వెయ్యి రెట్లో తేడా కొడుతుంది. అందుకే అంకె వింతగా ఉంటే ఒరిజినల్ చూడండి. క్రోమ్ ట్రాన్స్‌లేట్ బాక్స్‌లో అసలు భాష పేరు మీద క్లిక్ చేస్తే పేజీ మళ్లీ మామూలుగా అవుతుంది. మోడల్ నంబర్, నెట్‌వర్క్ బ్యాండ్‌లు ఎలాగూ అంకెలే కాబట్టి వాటిని ఒరిజినల్‌లోనే చూసుకోవచ్చు. జియో 4జీ వాడే 3, 5, 40 బ్యాండ్‌లు లిస్టులో ఉన్నాయా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

వెబ్ పేజీలు కట్టే పనిలో ఉన్నాను కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను. క్రోమ్ అనువాదం చేసేటప్పుడు పేజీలోని టెక్స్ట్ ముక్కల్ని తీసేసి, 'ఫాంట్' ట్యాగ్‌లలో కొత్త టెక్స్ట్ పెడుతుంది. కానీ రియాక్ట్‌తో కట్టిన సైట్లు పాత ముక్కల్నే గుర్తుపెట్టుకుని వాటినే అప్‌డేట్ చేస్తుంటాయి. అంటే మీరు 256 జీబీ బదులు 512 జీబీ సెలెక్ట్ చేస్తే, కొత్త ధర పేజీలో లేని ముక్కలోకి వెళ్లి, స్క్రీన్ మీద పాత ధరే మిగిలిపోవచ్చు. కొన్నిసార్లు పేజీ మొత్తం తెల్లగా అయిపోతుంది కూడా. అన్ని సైట్లలో ఇలా జరగదు, కానీ కార్ట్, పేమెంట్ పేజీల్లో అనువాదం ఆపేసి ధర చూడటం నాకు అలవాటు.

ప్రైవసీ సంగతి. క్రోమ్‌లో పేజీ టెక్స్ట్ గూగుల్ సర్వర్లకి, ఎడ్జ్‌లో మైక్రోసాఫ్ట్‌కి వెళ్లి అనువాదమై వస్తుంది. లాగిన్ అయిన పేజీలో మీ పేరు, అడ్రస్, ఆర్డర్ వివరాలు కూడా ఆ టెక్స్ట్‌లో భాగమే. అలాంటి చోట ఫైర్‌ఫాక్స్ బెటర్. 2023లో వచ్చిన 118 వెర్షన్ నుంచి అనువాదం మన కంప్యూటర్‌లోనే జరుగుతోంది, నెట్ నుంచి లాంగ్వేజ్ ఫైల్ ఒకసారి డౌన్‌లోడ్ అయితే చాలు. చైనీస్, జపనీస్, కొరియన్ పేజీలు 2025లో 135 వెర్షన్‌తో వచ్చాయి. క్వాలిటీలో గూగుల్‌దే పైచేయి అని నా అభిప్రాయం, కానీ ఆర్డర్ పేజీ చదవడానికి ఇది సరిపోతుంది.

చివరిగా ఫొటోల సంగతి. చైనీస్ ప్రోడక్ట్ పేజీల్లో సగం మాటలు బొమ్మల్లోనే ఉంటాయి, పేజీ అనువాదం వాటిని ముట్టుకోదు. రైట్ క్లిక్ చేసి గూగుల్ లెన్స్‌తో చదివించండి. ముఖ్యంగా పేజీ అడుగున ఉండే చిన్న అక్షరాల ఫుట్‌నోట్స్. బ్యాటరీ కెపాసిటీలో పైన పెద్దగా వేసేది 'టిపికల్' అంకె, కాస్త తక్కువగా ఉండే 'రేటెడ్' అంకె సాధారణంగా కిందే ఉంటుంది.