క్యామ్‌షాఫ్ట్ అరిగితే?

విద్యార్థులారా! ఒకప్పుడు బందరు, గుడివాడ రోడ్ల మీద అంబాసిడర్ కార్లు విరివిగా తిరిగేవి. వాటి తయారీ 2014లో ఆగింది. వాటి పాత 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో వాల్వులను వేళకు తెరిపించేది క్యామ్‌షాఫ్ట్. దాని మీది క్యాములు కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. గుడ్డు కొన అరిగితే వాల్వు చాలినంత తెరుచుకోదు. ఇంజను బలం తగ్గుతుంది. ఈ అరుగుదలను మీ ప్రయోగశాలలోని స్క్రూగేజి వంటి సాధనంతోనే కొలుస్తారు.

కొత్తది వేసేటప్పుడు ట్యాపెట్లనూ మార్చాలి. ఎందుకు? అరిగిన పాత ట్యాపెట్లు కొత్త క్యామును త్వరగా తినేస్తాయి.

క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే నాలుగు స్ట్రోకులు పూర్తవుతాయి. అంతలో ఒక్కో వాల్వు ఒక్కసారే తెరుచుకోవాలి. అందుకే క్యామ్‌షాఫ్ట్ చక్రానికి రెట్టింపు పళ్ళుంటాయి. రెండు చక్రాల మీది గుర్తులు ఎదురెదురుగా పెట్టి గొలుసు తొడగాలి. ఒక్క పన్ను తప్పినా వాల్వులు వేళ తప్పుతాయి; పడ్డ శ్రమంతా వృథా!