ముసలి చెట్టు పెరగదా? టేపు పెట్టి కొలిస్తే తెలిసిన సంగతి



"గట్టు మీద తాతల నాటి చింతచెట్టు ఉందండి. ముదిరిపోయింది, ఇంకేం పెరుగుతుంది? కొట్టేసి కొత్త మొక్కలు పెడితే కార్బన్ ఎక్కువ పడుతుంది కదా?" అని అడుగుతుంటారు. నిజానికి శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం ఇలాగే అనుకున్నారు. పాత అడవి గాలిలోంచి ఎంత తీసుకుంటుందో అంతా తిరిగి వదిలేస్తుందని లెక్క. అడవిలో కూర్చుని ఏళ్ల తరబడి కొలిచాక ఆ మాట మారింది.

కొలిచే పద్ధతి ఈ వీడియోలో చూపించాను, చాలా తేలిక. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో, అంటే ఇంచుమించు మన ఛాతీ ఎత్తులో, కాండం చుట్టూ టేపు పెట్టాలి. మళ్ళీ అదే చోట కొలవాలి కాబట్టి పెయింటుతో గీత గీస్తారు. పనామాలోని బారో కొలరాడో దీవిలో 1980ల మొదట్లో 50 హెక్టార్ల అడవిలో 1 సెంటీమీటరు మందం దాటిన ప్రతి కాండానికీ నంబరు కట్టారు. రెండు లక్షలకు పైగా చెట్లు! అయిదేళ్లకోసారి అన్నీ మళ్ళీ కొలుస్తారు. మన పక్కనే తమిళనాడు ముదుమలైలో కూడా 1988 నుంచి ఇలాంటి 50 హెక్టార్ల ప్లాటు ఉంది.

ఇప్పుడు చిన్న లెక్క చూడండి. 50 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న కుర్ర చెట్టు 2 సెంటీమీటర్లు లావెక్కితే, కాండం అడ్డుకోతలో 16 చదరపు సెంటీమీటర్ల కలప కొత్తగా చేరినట్టు. 300 సెంటీమీటర్ల ముసలి చెట్టు అదే 2 సెంటీమీటర్లు లావెక్కితే 96! అంటే ఆరు రెట్లు. పైగా దాని ఎత్తు కూడా ఎక్కువ. చూపుకి పెరిగినట్టే ఉండదు, తేడా అంతా అక్కడే ఉంది. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనే. 2014లో 403 జాతుల చెట్ల కొలతలు కలిపి చూస్తే, దాదాపు అన్ని జాతుల్లోనూ చెట్టు లావయ్యేకొద్దీ ఏడాదికి చేరే బరువు పెరుగుతూనే ఉందని తేలింది. ఎకరం మొత్తం మీద చూస్తే కుర్ర తోట జోరుగా పెరగడం నిజమే, కాదనను. కానీ పాతది కొట్టి కాలిస్తే వందేళ్లుగా దాచింది ఒక్కసారిగా గాలిలో కలుస్తుంది.

పెరుగుదల ఒక్కటే కొలిస్తే సగం లెక్కే. రాలిన ఆకును నేలకు తగలకుండా కట్టిన వలల్లో పట్టి, ఎండబెట్టి తూకం వేస్తారు. నేల మీద గిన్నెలాంటి పెట్టె బోర్లించి, వేర్లూ సూక్ష్మజీవులూ వదిలే బొగ్గుపులుసు వాయువు ఎంతో మీటరుతో చూస్తారు.

నాకు బాగా నచ్చింది పడిపోయిన దుంగల లెక్క. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం, ఆండ్రూస్ అడవిలో 1985లో మార్క్ హార్మన్ అనే శాస్త్రవేత్త 500కు పైగా దుంగల్ని నేల మీద పరిపించారు. నాలుగు జాతులు. ఎంత కాలంలో కుళ్ళుతాయో చూడాలని. ఎన్నేళ్ల ప్రయోగమో తెలుసా? 200 ఏళ్లు! మొదలుపెట్టినాయన చివర చూడలేడు, తెలిసే పెట్టాడు. అన్నీ ఒకే వేగంతో కుళ్ళవు, దేవదారు రకం చేవ చాలా కాలం నిలుస్తుంది. కుళ్ళే దుంగలో నీరు నిలుస్తుంది, బూజూ పురుగులూ చేరతాయి. మనం పొలంలో వేసే ఆచ్ఛాదన చేసే పని కూడా ఇదే, కాకపోతే మనది ఒక్క కారులో అయిపోతుంది.

మీ గట్టు మీది చెట్టుకి ఎండాకాలంలో గీత గీసి, చుట్టుకొలత, తేదీ నోటుబుక్కులో రాయండి. వానల్లో బెరడు నీళ్ళకు ఉబ్బుతుంది, లెక్క తప్పుతుంది. వచ్చే ఏడాది అదే నెలలో మళ్ళీ కొలిచి, రెండు అంకెలూ వీడియో కింద రాయండి.